పరుగు, జిమ్ వల్ల మోకాలి నొప్పి: పూర్తిగా మానేయకుండా తగ్గించుకోవడం ఎలా

పరుగు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకో, జిమ్‌లో బరువులు పెంచిన నెలకో మోకాలు మొరాయిస్తుంది. ఇంట్లోవాళ్లు వెంటనే తేల్చేస్తారు: "గుజ్జు అరిగిపోయింది, ఇక ఆ పరుగులు మానెయ్." ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్యవాళ్లలో, దెబ్బేమీ తగలకుండా మెల్లగా మొదలైన నొప్పికి చాలాసార్లు గుజ్జుతో సంబంధమే ఉండదు. మోకాలు మోయడానికి అలవాటుపడిన బరువు కంటే తక్కువ రోజుల్లో ఎక్కువ బరువు మీద పడింది, అంతే. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి జూన్ నెలాఖరులో లేచి సాధన మొదలుపెట్టేవాళ్లలో, నోటిఫికేషన్ పడగానే కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ 1600 మీటర్లు స్పీడుగా కొట్టేవాళ్లలో ఈ నొప్పి ఎక్కువగా కనిపించేది అందుకే.

కాబట్టి వైద్యం కూడా ఆ లెక్క ప్రకారమే సాగాలి. ముందు మోకాలి మీద పడే భారం తగ్గించాలి, తర్వాత కండరాన్ని పెంచాలి, ఆ తర్వాత ఆ భారాన్ని మెట్టుమెట్టుగా తిరిగి ఎక్కించాలి. నెలరోజులు పూర్తిగా మంచం ఎక్కితే నొప్పి పోతుంది, నిజమే. తొడ కండరం కూడా దాంతోపాటే పోతుంది. మళ్లీ పరుగెత్తిన మొదటి వారంలోనే నొప్పి తిరిగొస్తుంది.

1. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి

కుర్చీలో కూర్చుని మోకాలు వంచి, నొప్పి ఉన్నచోట చూపుడు వేలు పెట్టండి. సగం సంగతి ఆ వేలే చెప్పేస్తుంది.

వేలితో చూపించలేక అరచేత్తో మోకాలి చిప్ప మొత్తం కప్పి "ఇక్కడెక్కడో, లోపల" అంటున్నారా? మెట్లు దిగుతుంటే, బస్కీలు తీస్తుంటే, సినిమా హాల్లో రెండు గంటలు కూర్చుని లేస్తుంటే ఎక్కువవుతోందా? అయితే అది చిప్ప కింద కీలులో నొప్పి. ఇంగ్లిష్‌లో "రన్నర్స్ నీ" (పరుగెత్తేవాళ్ల మోకాలు) అనేది ఇదే. అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేదీ ఇదే. మెట్లు దిగేటప్పుడు చిప్ప వెనక పడే ఒత్తిడి శరీర బరువుకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది, లోతుగా కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. చదును నేల మీద హాయిగా నడిచే మనిషి మెట్ల దగ్గర పళ్లు కొరుక్కునేది ఇందుకే.

వేలు సరిగ్గా చిప్ప కింది కొస మీద ఆగితే అది చిప్పను కింది ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి స్నాయువు నొప్పి. లాంగ్ జంప్ సాధన చేసేవాళ్లకు, వాలీబాల్ ఆడేవాళ్లకు, బాక్స్ జంప్‌లు ఎక్కువగా చేసేవాళ్లకు వస్తుంది. దీనికో మాయ ఉంది: ఒళ్లు వేడెక్కగానే నొప్పి తగ్గుతుంది. తగ్గింది కదా అని ఇంకా చేస్తారు, మర్నాడు పొద్దున కాలు కదపలేరు.

మోకాలి బయటి పక్క, కీలుకు కాస్త పైన నొప్పి ఉండి, ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం దగ్గర, మూడో కిలోమీటరు దగ్గరో నాలుగో కిలోమీటరు దగ్గరో, మొదలవుతుంటే అది ఐటీ బ్యాండ్ సమస్య. తుంటి నుంచి మోకాలి కింది దాకా తొడ బయటి పక్కన సాగే మందపాటి పట్టీ అది. వాలు దిగితే ఎక్కువవుతుంది. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాల్లో, ఫ్లైఓవర్ దిగే దగ్గర ఇది బాగా బయటపడుతుంది.

పది నుంచి పదిహేనేళ్ల పిల్లలకు చిప్ప కింద ఎముక మీద బొడిపెలా లేచి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంటే అది పెరిగే వయసులో వచ్చే సమస్య. ఆటలు కొంత తగ్గిస్తే చాలామందికి ఎదుగుదల పూర్తయ్యేసరికి సర్దుకుంటుంది.

లేచి కూర్చుంటుంటే టకటకమని చప్పుడు వస్తుందని భయపడేవాళ్లు చాలామంది. నొప్పి, వాపు లేని చప్పుడును పట్టించుకోనక్కర్లేదు.

2. ఇవి ఉంటే వ్యాయామాల జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి

కాలు మెలిపడి, కొన్ని గంటల్లోనే మోకాలు బూరెలా పొంగితే. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే. మోకాలు వంగినచోట ఇరుక్కుపోయి చాపలేకపోతే, నడుస్తుంటే జారిపోతున్నట్టు అనిపిస్తే. ఎర్రబడి, వేడెక్కి, దాంతోపాటు జ్వరం ఉంటే ఆ రోజే వెళ్లాలి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా అంతే. రాత్రి పడుకున్నా వదలని నొప్పిని, ఎముక మీద ఒకేచోట వేలు పెడితే ఎగిరిపడే నొప్పిని కూడా చూపించుకోవాలి. రెండోది ఎముకలో సన్నని పగులు కావచ్చు, దాని మీద పరుగెత్తడం చాలా ప్రమాదం. మోకాలు నొప్పిగా ఉన్నా దాన్ని ఎంత ఒత్తి చూసినా ఏమీ దొరక్కపోతే, గజ్జల్లో కూడా లాగుతుంటే, తుంటిని పరీక్షించమని అడగండి. తుంటి నొప్పి మోకాలికి పాకడం మామూలే.

ఇవేవీ లేకపోతే ఎంఆర్ఐకి పరుగెత్తనక్కర్లేదు. నలభై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేని మోకాలికి తీసినా చాలామందికి ఏదో ఒక అరుగుదలో చిరుగో రిపోర్టులో కనిపిస్తుంది. ఆ కాగితం చదివి భయంతో కాలు కదపడం మానేసేవాళ్లు, నొప్పి కంటే ఆ భయం వల్లే ఎక్కువ నష్టపోతారు.

3. మొదటి పది రోజులు: మూడు మార్కుల నియమం

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనంత. ఏ పని చేసినా నొప్పి 3 దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వచ్చేయాలి. ఈ రెండూ కుదిరితే ఆ పని చేసుకోవచ్చు. 3 దాటినా, లేక చేసేటప్పుడు బాగానే ఉండి మర్నాడు మెట్ల దగ్గర గుర్తుచేసినా, సగానికి తగ్గించండి. ఫోన్‌లో తేదీ, చేసిన పని, అప్పటి మార్కు, మర్నాటి మార్కు నాలుగు ముక్కల్లో రాసుకోండి. రాసుకోకపోతే నాలుగు రోజుల్లో లెక్క మరిచిపోయి, బాగున్న రోజు ఎగబడతారు.

ఈ నియమం ప్రకారం కొందరికి పరుగు పూర్తిగా ఆపే అవసరమే రాదు. మూడో కిలోమీటరు దగ్గర నొప్పి మొదలయ్యేవాళ్లు రెండు కిలోమీటర్ల దగ్గరే ఆగి, రోజు విడిచి రోజు పరుగెత్తవచ్చు. మొదటి అడుగు నుంచే 4 ఉన్నవాళ్లు మాత్రం నడకకు మారాలి.

సైకిల్ తొక్కడం మంచి ప్రత్యామ్నాయమే కానీ సీటు ఎత్తు చూసుకోండి. మడమను పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తొక్కితే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు మామూలుగా ముందు పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగానే వంగి ఉంటుంది. జిమ్‌లో ముందు తొక్కినవాళ్ల సీటు ఎత్తులోనే కూర్చుని, సీటు తక్కువై చిప్ప నొప్పిని పెంచుకునేవాళ్లు బోలెడుమంది.

ఈ పది రోజులూ వజ్రాసనం, నేల మీద బాసింపట్టు, గొంతుకూర్చునే పనులు తగ్గించండి. ఇవి చెడ్డవని కాదు, నొప్పి ఉన్న చిప్పకు ఇప్పుడు ఎక్కువ. ఆఫీసులో కుర్చీ కింద కాళ్లు మడిచి పెట్టుకోకుండా ముందుకు చాపి, అరగంటకోసారి లేవండి. కాలినడకన తిరుమల మొక్కు ఉంటే వాయిదా వేసుకోండి. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతానికి ఆ పేరు ఊరికే రాలేదు.

4. మెట్టు మీద ఒక పరీక్ష

మన ఇంటి మెట్టు ఆరేడు అంగుళాలు ఉంటుంది, అది చాలు. చెప్పులు లేకుండా, షార్ట్ వేసుకుని, ఎదురుగా అద్దమో ఫోన్ కెమెరానో పెట్టుకోండి. నొప్పి ఉన్న కాలితో మెట్టు మీద నిలబడి, రెండో కాలి మడమ కింది మెట్టుకు తగిలీ తగలకుండా మెల్లగా దిగి, మళ్లీ పైకి లేవండి. ఐదుసార్లు.

ఇప్పుడు వీడియో చూడండి. దిగేటప్పుడు మోకాలు బొటనవేలిని దాటి లోపలికి పడుతోందా? నడుము పట్టీ ఒక పక్కకు జారుతోందా? ఒళ్లు మొత్తం ఆ కాలి వైపు ఒరుగుతోందా? మూడింటికీ తరచుగా కనిపించే కారణం ఒకటే: తుంటి పక్క కండరం, అంటే పిరుదు పైభాగంలో జేబు ఉండేచోట ఉండే కండరం, పట్టు ఇవ్వడం లేదు. పని చేయాల్సింది పైన, మొరపెట్టుకునేది కింద. అందుకే మోకాలి నొప్పికి ఒక్క తొడకే వ్యాయామం చేయడం కంటే తుంటికి, తొడకు కలిపి చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఆ వీడియో దాచిపెట్టండి. ఆరు వారాల తర్వాత మళ్లీ తీసి పోల్చుకోవాలి.

5. వారానికి మూడు రోజులు, అరగంట

సోమ, బుధ, శుక్రవారాల్లా రోజు విడిచి రోజు చేయండి. రోజూ చేస్తే తొందరగా తగ్గుతుందనుకోవద్దు, కండరం పెరిగేది విరామంలోనే.

పక్కకు పడుకుని కాలు ఎత్తడం: గోడకు వీపు, పిరుదులు, మడమ ఆనించి పక్కకు పడుకోండి. పై కాలి మడమను గోడకు రాస్తూ ఒక అడుగు ఎత్తుకు లేపి, రెండు సెకన్లు ఆపి దించండి. కాలి వేళ్లు కొద్దిగా నేలవైపు చూడాలి. 12 చొప్పున మూడు విడతలు. నొప్పి లాంటి అలసట జేబు దగ్గర తెలియాలి. తొడ ముందు భాగంలో తెలుస్తోందంటే కాలు ముందుకు వచ్చేసిందన్నమాట. గోడ పెట్టింది అది పట్టుకోవడానికే.

బ్రిడ్జి: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుము లేపండి. 12 చొప్పున మూడు విడతలు. తొడ వెనక కండరం పట్టేస్తుంటే మడమలను పిరుదులకు దగ్గరగా జరపండి. రెండు వారాల తర్వాత ఒంటి కాలితో 8 చొప్పున.

గోడకు కుర్చీ వేయడం: వీపు గోడకు ఆనించి జారి, తొడలు నేలకు సమాంతరం అయ్యే లోపే ఆగండి. చిప్ప నొప్పి ఉన్నవాళ్లు పూర్తిగా దిగకూడదు. 30 సెకన్లు, ఐదుసార్లు. చిప్ప కింది స్నాయువు నొప్పి ఉన్నవాళ్లకు ఇది ముఖ్యమైన వ్యాయామం: 45 సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. కదలకుండా బిగించి ఉంచే ఈ పద్ధతి చాలామందికి కాసేపటి వరకు నొప్పిని కూడా తగ్గిస్తుంది. అందుకే వీళ్లు దీన్ని రోజూ చేయవచ్చు.

మెట్టు దిగడం: పైన పరీక్షగా చేసిందే. ఇప్పుడు మూడు సెకన్లు లెక్కపెడుతూ దిగండి, మోకాలు రెండో వేలి దిశలోనే ఉండాలి. 8 చొప్పున మూడు విడతలు. నొప్పి 3 దాటితే మెట్టు ఎత్తు తగ్గించాలి, రెండు అంగుళాల మందం ఉన్న చెక్క మీద మొదలుపెట్టినా ఫరవాలేదు. అన్నిటిలోకీ ఎక్కువ ఫలితం ఇచ్చేదీ, జనం తొందరపడి పాడుచేసేదీ ఇదే. వేగంగా దిగితే బరువు మోసేది కండరం కాదు, కింద పడే పాదం.

కుర్చీ మీద కూర్చుని లేవడం, ఒంటి కాలి మీద మడమలు ఎత్తడం కూడా 12 చొప్పున మూడు విడతలు చేర్చండి. పరుగులో పిక్క మోయాల్సిన భారం తక్కువేం కాదు, దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ.

15 సార్లు సునాయాసంగా వస్తున్నాయంటే బరువు కలిపే సమయం వచ్చినట్టే. జిమ్ లేకపోతే కాలేజీ బ్యాగులో లీటరు నీళ్ల సీసాలు వేసి తగిలించుకోండి, ఒక్కో సీసా కిలో. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు: నెల తర్వాత కూడా అదే బరువు, అవే 12 సార్లు చేస్తూ "వ్యాయామం పనిచేయలేదు" అంటారు. కండరానికి కొత్త పని పెట్టకపోతే కొత్త బలం రాదు. తేడా తెలియడానికి ఆరు వారాలు, నిలబడడానికి పన్నెండు వారాలు పడుతుంది.

6. జిమ్‌లో మార్చాల్సినవి

స్క్వాట్ మానకండి, లోతు తగ్గించండి. వెనక బెంచీ పెట్టుకుని, నొప్పి 3 లోపు ఉండే ఎత్తు వరకే దిగండి. వారం వారం ఎత్తు తగ్గించుకుంటూ పోవచ్చు. మోకాలు కాలి వేళ్లను దాటకూడదని ట్రైనర్లు చెప్పే మాటను పట్టుకుని బిగుసుకుపోవద్దు. పొడుగు తొడలు ఉన్నవాళ్లకు దాటక తప్పదు, బలవంతంగా వెనక్కి పట్టుకుంటే భారమంతా నడుము మీద పడుతుంది. మోకాళ్లు లోపలికి పడకుండా చూసుకోవడం ముఖ్యం.

లంజ్‌లో (ఒక అడుగు వేసి మోకాళ్లు వంచి దిగే వ్యాయామం) కాలు ముందుకు వేసే బదులు వెనక్కి వేయండి, చిప్ప మీద ఒత్తిడి తక్కువ. కూర్చుని కాళ్లతో బరువు లేపే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్‌లో కాలు పూర్తిగా చాపకుండా సగం దాకానే లేపండి, చివరి సగంలోనే చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ. జంప్ స్క్వాట్లు, బర్పీలు, స్కిప్పింగ్ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. జిమ్‌లో కాళ్ల వ్యాయామాలు చేసిన రోజుకు (లెగ్ డే) మర్నాడే దూరం పరుగు (లాంగ్ రన్) పెట్టుకోవద్దు, అలసిన తొడ దెబ్బను ఆపదు. రెండిటి మధ్య 48 గంటలు ఉండాలి.

7. మళ్లీ పరుగు ఎప్పుడు, ఎలా

అరగంట చురుగ్గా నడిచినా, మెట్టు దిగడం పదిసార్లు చేసినా నొప్పి 2 దాటకపోతే మొదలుపెట్టవచ్చు. వారానికి మూడు రోజులే, మధ్యలో విరామం ఉండాలి.

మొదటి వారం: 2 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, ఆరుసార్లు.
రెండో వారం: 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, ఐదుసార్లు.
మూడో వారం: 8 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, మూడుసార్లు.
నాలుగో వారం: ఆగకుండా 25 నిమిషాలు.

పరుగు అంటే పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం. ఏ వారమైనా మూడు మార్కుల నియమం తప్పితే అదే వారాన్ని మళ్లీ చేయండి. ఆ తర్వాత దూరం వారానికి పది శాతం అటూ ఇటూగా పెంచుకోండి. దూరం పెంచిన వారం వేగం పెంచొద్దు. స్పీడ్ పరుగులు, జంప్‌లు, ఫ్లైఓవర్లు చిట్టచివర. ఈవెంట్స్ తేదీ దగ్గరపడినవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది. అయినా 1600 మీటర్లు రోజూ పూర్తి వేగంతో కొట్టడం వల్ల టైమింగ్ మెరుగుపడదు. వారానికి రెండు వేగం రోజులు, మిగతావి నెమ్మది పరుగులు సరిపోతాయి.

పరుగు తీరులో ఒక్కటే మార్చండి: అడుగు చిన్నది చేయండి. మీ వేగంలో పరుగెడుతూ అర నిమిషంలో కుడికాలు నేలను ఎన్నిసార్లు తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 40 వస్తే నిమిషానికి 160 అడుగులు. ఐదు శాతం పెంచితే 168, అంటే అర నిమిషానికి 42. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే) యాప్ పెట్టుకుంటే తేలిక. వేగం పెరగకూడదు, అడుగుల సంఖ్యే పెరగాలి. పాదం ఒంటికి దగ్గరగా పడి మోకాలి మీద దెబ్బ తగ్గుతుంది. పిక్కలకు పని పెరుగుతుంది కాబట్టి మొదట ఐదేసి నిమిషాలే ప్రయత్నించండి.

ఐటీ బ్యాండ్ సమస్య ఉన్నవాళ్లు రెండు పాదాలూ ఒకే గీత మీద పడకుండా కాస్త ఎడంగా వేయాలి. రోడ్డు అంచు ఒకవైపుకు వాలుగా ఉంటుంది, విశాఖ ఆర్కే బీచ్‌లో నీటి అంచు ఇసుకా అంతే. రోజూ ఒకే దిశలో వెళ్లకండి. ఫోమ్ రోలర్‌తో (ఒంటి మీద దొర్లించే గుండ్రటి నురుగు దిమ్మ) ఆ పట్టీని కళ్లనీళ్లు వచ్చేలా నొక్కడం వల్ల అది సాగదు. తొడ, పిరుదు కండరాల మీద దొర్లిస్తే కొంత హాయిగా ఉంటుంది, అంతవరకే.

8. బూట్లు, మోకాలికి తొడిగే నీ క్యాపులు, మాత్రలు

బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మెత్తదనం కోల్పోతాయి. పైకి కొత్తగానే ఉంటాయి, కాబట్టి బూటు అడుగు భాగం ఒకవైపు అరిగిందా, నురుగు పొరలో అడ్డంగా ముడతలు పడ్డాయా అని చూడండి. కొత్త జత కొన్న రోజే దూరం పరుగెత్తకండి. క్రికెట్, బ్యాడ్మింటన్ బూట్లతో రోడ్డు మీద పరుగు వద్దు.

నీ క్యాప్ ధైర్యం ఇస్తుంది, కండరం ఇవ్వదు. వాపు ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, వాపు లేకుండా పట్టేసినట్టుంటే వేడి కాపడం. డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చు, దాని మీద కాపడం మాత్రం పెట్టొద్దు. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం రెండు విధాలా తప్పు: మూడు మార్కుల లెక్క తెలియకుండా పోతుంది, మన ఎండల్లో చెమట పట్టి నీళ్లు తగ్గిన ఒంటికి ఆ మాత్రలు కిడ్నీల మీద భారం. స్నాయువు నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి, అది స్నాయువును బలహీనపరచవచ్చు. ఇక గుజ్జు పెంచుతాయని చెప్పే పొడులు, బెండకాయ నీళ్లు. బెండకాయ వేపుడు చేసుకుని తినండి, బాగుంటుంది.

తిరగబెడితే

పన్నెండు వారాల్లో ఒకటి రెండుసార్లు నొప్పి పెరగడం సహజం. మళ్లీ మొదటికి వెళ్లనక్కర్లేదు. రెండు రోజులు పరుగు ఆపి, వ్యాయామాల్లో బరువు సగం చేసి, పరుగు ప్రణాళికలో ఒక వారం వెనక్కి వెళ్లండి. గత పది రోజుల రాతలు తీసి చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది: పెళ్లిలో రెండు రోజుల నిలువుకాళ్ల పని, కొత్త బూట్లు, ఆదివారం మిత్రులతో అదనంగా పరుగెత్తిన నాలుగు కిలోమీటర్లు. ఆరు వారాలు వదలకుండా చేశాక కూడా మెట్టు మీది మార్కు కదలకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి. ఆ రాతలు, మొదటి వీడియో వెంట తీసుకెళ్లండి.